ఊరి మహిళా మండలి గది నుంచి మన హాలు దాకా

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మాజీ అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



ఎజెండా కాగితం మీ చేతుల్లోనే ఉంది. నాలుగో అంశం చూడండి. "సమాఖ్య హాలును అద్దెకు ఇచ్చే విషయం" అని ఉంది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అడిగారు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా, కిందా పైనా మొత్తం కావాలంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌లకు, హాస్టళ్లకు ఉన్న గిరాకీ మీకు నేను చెప్పేదేముంది. వాళ్లు ఇస్తామన్న అద్దె మంచి అద్దే. కరెంటు బిల్లు కట్టడానికి ప్రతి నెలా కోశాధికారి ఎంత ఇబ్బంది పడుతుందో నేను ఆ కుర్చీ పక్కన కూర్చొని చూసినదాన్ని. అందుకని అద్దె మాట ఎత్తినవాళ్లను తప్పు పట్టను. కానీ చిట్టీ రాసే ముందు, ఇట్లాంటి గదులు మన ఆడవాళ్ల చేతికి ఎట్ల వచ్చినయి, ఎట్ల జారిపోయినయి అనేది నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి అడిగింది. పది నిమిషాలు అన్నది. కొంచెం ఎక్కువైతే ఓర్చుకోండి.

నాది నల్గొండ వైపు ఊరు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది విజయవాడ రోడ్డు పట్టుకొనో, సాగర్ రోడ్డు పట్టుకొనో పట్నం వచ్చినవాళ్లమే. మన ఊళ్లలో మహిళా మండలి గది అని ఒకటి ఉండేది, గుర్తుందా? మా ఊళ్లో అది పంచాయతీ ఆఫీసు పక్కన పెంకులు కప్పిన ఒంటి గది. లోపల ఒక కుట్టు మిషను, ఒక నల్లబల్ల, రెండు జంపఖానాలు, గోడకు తల్లీబిడ్డ బొమ్మ. పొద్దున బాల్వాడి నడిచేది. నేను అ, ఆ దిద్దింది అక్కడే. మధ్యాహ్నం గ్రామసేవిక వస్తే అమ్మలక్కలు పోగయ్యేవాళ్లు. ఆమె జాకెట్టు కత్తిరించడం నేర్పేది. కాన్పు ఇంట్లో బొడ్డు కోసే బ్లేడు మరిగించాలని చెప్పేది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే నీళ్లు ఆపొద్దు, ఉప్పు, చక్కెర కలిపి తాపమని చెప్పేది. నీళ్లు తాగితే రోగం ఎక్కువైతదని పెద్దవాళ్లు గ్లాసు లాక్కునే రోజులవి. మా తమ్ముడు బతికి బట్టకట్టింది ఆ మాట వల్లేనని మా అమ్మ చివరిదాకా అనేది.

తాళంచెవి మాత్రం ఊరి పెద్దమనిషి ఇంట్లో ఉండేది. గ్రామసేవిక వచ్చిన రోజు ఎవరో ఒక పిల్ల పోయి తేవాలి. చాలాసార్లు ఆ పిల్లను నేనే. గడప బయట నిలబడి అడగాలి. లోపల వాళ్లకు తీరినప్పుడు ఇచ్చేవాళ్లు. ఒక్కోసారి ఎండలో అట్లనే నిలబడి, చెవి దొరికేసరికి గ్రామసేవిక ఎక్కాల్సిన బస్సు టైమయ్యేది. ఒక ఏడు వానకు ఎరువుల బస్తాలు తడుస్తున్నయని ఆ గదిలో పెట్టారు. "ఒక్క పంటకే" అన్నారు. ఆ పంట అయింది, ఇంకో పంట అయింది. బాల్వాడి చెట్టు కిందికి వచ్చింది, తర్వాత అదీ లేదు. కుట్టు మిషను ఎవరింటికి పోయిందో ఎవ్వరూ అడగలేదు. కోపంతో చెప్తలేను. అడగడానికి మా అమ్మల దగ్గర కాగితం లేదు. ఆ గది తమదని రాసున్న ముక్క ఒక్కటీ లేదు.

అసలు ఆ గది ఊరికే రాలేదు. 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దేశంలో సమాజ వికాస ప్రాజెక్టులు మొదలుపెట్టారు. బ్లాకు, బీడీవో అనే మాటలు ఊళ్లలోకి వచ్చింది అట్లనే. మరుసటి ఏడు, 1953లో, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. విద్యానగర్‌లో ఆసుపత్రి మీద పేరు చూస్తుంటాం గదా, ఆమే.

ఆమె గురించి ఒక్క ముచ్చట చెప్పి ముందుకు పోతా. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ కాపురం వద్దనుకుంది. చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టింది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగితే ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబెట్టారు. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దని చెప్పారు. అప్పుడు వచ్చింది జవహర్‌లాల్ నెహ్రూ. టికెట్ లేదు. ఈ పిల్ల లోపలికి పోనియ్యలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే పంపింది. పద్నాలుగేళ్ల పిల్ల! మన సంఘం మీటింగుకు లేటుగా వచ్చిన లీడరుకు జరిమానా వెయ్యడానికి మనం ఎంత మొహమాటపడతామో మీకు తెలుసు. ఆ పిల్లే పెద్దయ్యి మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, ఆ తర్వాత ఈ బోర్డుకు వచ్చింది.

1954 నుంచి ఆ బోర్డు ఊళ్లలో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు నడిపింది. కొన్ని ఊళ్లు కలిపి ఒక ప్రాజెక్టు, వాటి మధ్యన కేంద్రాలు. ఒక్కో కేంద్రంలో బాల్వాడి, గర్భిణులకు, బాలింతలకు వైద్యం, పెద్దవాళ్లకు చదువు, కుట్లు అల్లికలు. పనిచేసేది గ్రామసేవిక, మంత్రసాని, చేతిపని నేర్పే టీచరు. ఇప్పటి అంగన్‌వాడీలు 1975లో ఐసీడీఎస్‌తో వచ్చినయి. అంతకు ముందు ఇరవై ఏళ్లు ఆ పనికి దారి వేసినవాటిలో ఈ గదులు ఉన్నయి. 1958లో ఇదే బోర్డు ఇంకో మంచి పని మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు తక్కువ కాలంలో పరీక్ష రాయించే కోర్సులు. భర్త పోయినవాళ్లు, వదిలేసినవాళ్లు అట్ల చదువుకొని నర్సులు, టీచర్లు అయినారు. మా ఊరికి వచ్చిన గ్రామసేవిక కూడా అట్ల చదువుకున్నదే.

మరి ఇంత మంచి ఏర్పాటు ఎందుకు నిలవలేదు? నాకు అర్థమైనంత వరకు చెప్తా. జీతం పైనుంచి, మిషను పైనుంచి, రిజిస్టరు పైనుంచి వచ్చింది. ప్రాజెక్టు గడువు అయ్యాక కేంద్రాలను మహిళా మండళ్లకు అప్పజెప్పారు. కాగితం మీద అది సరైన పనే. కానీ మా ఊరి మండలికి అధ్యక్షురాలెవరు? తాళంచెవి ఉన్న ఇంటి కోడలు. మా అమ్మ సభ్యురాలని మా అమ్మకే తెలియదు. నెలకు ఒక్క అణా కూడా ఆ గదిలో మావాళ్లు వేసింది లేదు. వేసినవాళ్లకే గదా అడిగే నోరు వచ్చేది. గ్రామసేవిక బదిలీ అయిన రోజే ఆ కేంద్రం సగం మూతపడ్డది. ఎరువుల బస్తాలు మిగతా సగం మూసినయి.

ఇప్పుడు గదే లేని కేంద్రం గురించి చెప్తా. నెల్లూరు జిల్లా దూబగుంట. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి, రాత్రి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి ఆడవాళ్లు దీపం కింద కూర్చున్నారు. చదువుకునే పుస్తకంలో సారాతో చితికిపోయిన సంసారం కథ ఒకటి ఉండేది. చదివారు. చదివి, ఇది మన ఇంటి సంగతే గదా అనుకున్నారు. దూబగుంట రోశమ్మ, ఇంకా ఆ ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయారు. ఆ ఊరి సంగతి జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. అక్కడ భవనం లేదు, బోర్డు లేదు, రిబ్బను కత్తిరించినవాళ్లు లేరు. వీధి, అరుగు, దీపం. అంతే.

తాగుడుకు పోయే డబ్బు కొంత మిగిలిందని ఆ జిల్లా ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున దాచారు. దానికే పొదుపులక్ష్మి అని పేరు. మన పాస్‌బుక్కులకు పెద్దమ్మ అదే అనుకోండి.

అప్పటికే డ్వాక్రా ఉంది, 1982లో వచ్చింది. 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పులు ఇప్పించే పద్ధతి మొదలుపెట్టింది. 2000 నుంచి వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం. సంఘం పైన గ్రామ సమాఖ్య, దాని పైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య. ఈ చరిత్ర మీకు ప్రతి శిక్షణలో చెప్తారు కాబట్టి దాటేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది మా వదిన సంగతి.

మా వదిన ఇప్పటికీ ఊళ్లోనే ఉంటది. యాసంగి వడ్లు వచ్చే కాలంలో పోయి చూడండి. ఊరి బయట కల్లంలో వడ్ల కుప్పలు, ఐకేపీ సెంటర్ అని బ్యానరు, చిన్న బల్ల, కాంటా, తేమ చూసే మిషను. ఆ సెంటర్ నడిపేది గ్రామ సమాఖ్య. తేమ 17 శాతం లోపు ఉంటేనే కొనాలని రూలు. రైతు కుప్ప దగ్గరికి మా వదిన పోయి, నాలుగు చోట్ల గింజలు తీసి మిషన్‌లో పోస్తది. "ఇంకో రెండు ఎండలు పడాలె అన్నా, నూకి ఆరబెట్టు" అంటది. ఒకప్పుడు ఎవరింటి గడప ముందు నేను చెవి కోసం నిలబడ్డానో, ఆ ఇంటి వాళ్ల వడ్లు కూడా వరుసలోనే ఉంటయి. వరుస తప్పియ్యమని ఫోన్లు వస్తయి. గోనెసంచులు రాకపోతే, లారీ రాకపోతే, అకాల వాన పడితే తిట్లు కూడా మా వదినకే. ఒకసారి రాత్రి వాన పడితే టార్పాలిన్లు కప్పడానికి ఊరి ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి కల్లంలో ఉరికారు. అంత కష్టం ఎందుకమ్మా అంటే, "కమిషన్ సమాఖ్య ఖాతాలో పడుతది, ఆ డబ్బుతోనే గది స్లాబు వేసుకున్నం" అన్నది.

ఆ గది నేను చూసొచ్చా. మా చిన్నప్పటి గది కంటే పెద్దదేం కాదు. గోడ మీద ఏ సంఘం ఎంత కట్టింది, ఎంత బాకీ ఉంది పెయింటుతో రాసుకున్నారు. తాళంచెవులు మూడు. అధ్యక్షురాలి దగ్గర ఒకటి, పుస్తకాలు రాసే పిల్ల దగ్గర ఒకటి, గది పక్కింటి ముసలమ్మ దగ్గర ఒకటి. ముసలమ్మకు ఎందుకంటే, "ఎవరికి ఎప్పుడు అవసరం పడ్డా ఆమె ఇంట్లోనే ఉంటది గదా" అన్నారు.

పట్నం సంగతికి వస్తా. మనం పట్నంవాళ్లం అనుకుంటాం గానీ, సరూర్‌నగర్, కొత్తపేట, నాగోలు, మన్సూరాబాద్, కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ, ఇవన్నీ ఊళ్ల పేర్లే. 2007 ఏప్రిల్ 16న ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిసినయి. ఊళ్లు పోయి కాలనీలు వచ్చినయి, మెట్రో కూడా వచ్చింది. ఊళ్లో ఉన్న మహిళా మండలి పద్ధతినే హైదరాబాద్ బస్తీల్లో పెట్టి చూసింది 1967లో, పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు పేరుతో. మనం ఇప్పుడు యూసీడీ ఆఫీసు అనేది దాని నుంచి వచ్చిందే. బస్తీల్లో బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు, కమ్యూనిటీ హాళ్లు అట్ల వచ్చినయి. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నయి. కొన్నింటి తలుపులు ఎన్నికలప్పుడే తెరుస్తారు. నేను పేర్లు చెప్పను, మీరు ఇంటికి పోయేటప్పుడు దారిలో చూసుకుంటూ పోండి.

మన హాలు కట్టేటప్పుడు స్థలం పైనుంచి వచ్చింది, గోడలు పైనుంచి వచ్చినయి. కానీ గచ్చు, కరెంటు, మోటరు, పై గది మన సంఘాలు వేసుకున్న చందాలతో అయినయి. ఆ చందా రసీదు పుస్తకాలు బీరువాలో ఉన్నయి, నిన్న రాత్రి తీసి చూసుకున్నా. పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు ఏరే ఇద్దరు అక్కలు కూలి డబ్బులతో కట్టిన రసీదులు ఉన్నయి. ఇద్దరిలో ఒకామె ఇప్పుడు లేదు.

ఆ మార్కెట్‌ను 2021లో గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం తరలించారు. మన సభ్యుల్లో ఎంతమందికి పని పోయిందో మీకు గుర్తుంది. తెల్లవారి నాలుగింటికి నడుచుకుంటూ పోయి పండ్లు ఏరి, దెబ్బతిన్నవి తక్కువకు తెచ్చుకొని బండి మీద అమ్ముకునేవాళ్లు, అంత దూరం ఆటో పెట్టుకొని పోతే ఏం మిగులుతది? ఆ నెల ఈ హాల్లోనే కూర్చున్నాం. వాయిదా కట్టలేనివాళ్ల పేర్లు వాళ్ల నోటితోనే చెప్పించాం, సిగ్గుపడకుండా. సంఘాల అంతర్గత అప్పుల వాయిదాలు వెనక్కి జరుపుతూ తీర్మానం రాశాం. కొందరు పైన మిషన్ల దగ్గర ఫాల్స్ కుట్టడం నేర్చుకున్నారు, కొందరు పచ్చళ్లకు పోయారు. అందరూ నిలదొక్కుకున్నారని చెప్పను. ఇద్దరు ముగ్గురు బస్తీ విడిచి పోయారు. కానీ ఎవరి ఇంట్లో కూర్చొని ఆ మాటలు మాట్లాడుకునేవాళ్లం? భర్తలు, మరుదులు, అత్తలు వింటుండగా మాట్లాడుకునేవాళ్లమా?

ఇంకో సంగతి చెప్పాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచించా. ఆమెను అడిగా, పేరు లేకుండా చెప్పమన్నది. రెండేళ్ల కింద ఒక రాత్రి పదకొండింటికి మన సభ్యురాలు ఒకామె చంటిబిడ్డను చంకన వేసుకొని, చెప్పులు కూడా లేకుండా ఈ హాలు మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. పుట్టింటికి పోవాలంటే ఊరు దూరం. పక్కింటికి పోతే తెల్లారేసరికి బస్తీ అంతా తెలుస్తది. చెవి ఉన్న అక్క ఎదురింట్లోనే కాబట్టి తలుపు తీసింది. చాప, దుప్పటి, పాలు ఇచ్చింది. 181కి ఫోన్ చేశారు. పొద్దున మేం నలుగురం ఆమెతో పోయాం. ఆమె ఇప్పుడు ఇక్కడే కూర్చొని ఉంది, ఎటు చూడకండి. అద్దెకు ఇచ్చిన హాలు అయితే ఆ రాత్రి తాళం వేరేవాళ్ల దగ్గర ఉండేది.

"మనకెందుకు ఈ సేవలు, ట్రైనింగులు ఇచ్చే సంస్థలు వేరే ఉన్నయి గదా" అని ఒక చెల్లె అన్నది. ఉన్నయి, మంచివి ఉన్నయి. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు మీద పోయి పోచంపల్లి వైపు తిరిగితే జలాల్‌పూర్ దగ్గర స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది. నిజాం మీద కొట్లాడిన ఆయన పేరు మీద 1995లో, పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉన్నప్పుడు వచ్చింది. పల్లె పిల్లలు అక్కడే ఉండి, తిని పనులు నేర్చుకుంటారు. ఊళ్లో మీ చుట్టాల పిల్లలు ఖాళీగా ఉంటే పంపండి, నేను మా అక్క కొడుకును పంపిన. కానీ అది వేరు, ఇది వేరు. అక్కడికి బ్యాగు సర్దుకొని పోతాం, నేర్చుకొని వస్తాం. ఇక్కడికి చేతికి పిండి అంటుకొని ఉన్నా వస్తాం.

సరే, అద్దె మాటకు వస్తా. అసలు ఇవ్వొద్దు అని నేను అనను. డబ్బు లేకపోతే ఏ గదీ నిలవదని మా ఊరి గది చూసి నేర్చుకున్నదాన్నే. కోశాధికారి చెప్పే లెక్క నిజం. అందుకని నా ప్రతిపాదన ఇది. పై గది ఒక్కటే ఇద్దాం, అదీ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా. ఆ టైములో మిషన్లు ఎట్లాగూ ఆడవు. ఒప్పందం పదకొండు నెలలకే రాయించాలి. తాళం మనదే ఉండాలి, తీసేది మన మనిషే, ఆమెకు ఆ అద్దెలో నుంచి కొంత ఇయ్యాలి. కింద హాలు ముట్టుకోవద్దు. దీనికి వాళ్లు ఒప్పుకోకపోతే వేరేవాళ్లు దొరుకుతారు, దిల్‌సుఖ్‌నగర్ పక్కన ఉన్నాం మనం. అప్పటిదాకా కరెంటు బిల్లుకు ప్రతి సంఘం నెలనెలా కొంత వేసుకుందాం. ఎంత అనేది మీరే చెప్పండి, నేను చెప్తే ఎక్కువ చెప్పానంటారు.

మొత్తం ఇచ్చేద్దాం అనేవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. వాళ్లు కూడా వచ్చి ఇదే మైకులో మాట్లాడాలి. వాళ్లు చెప్పింది కూడా మినిట్స్‌లో రాయాలి. ఒక్కటి మాత్రం వినండి. చేతులెత్తించి లెక్కపెట్టొద్దు, పక్కామె ముఖం చూసి ఎత్తుతాం. చిట్టీలు పెడదాం. చదవడం రాని పెద్దమ్మల కోసం రెండు రంగుల చిట్టీలు కోయించి పెట్టా. పచ్చది నేను చెప్పిన పద్ధతికి, ఎర్రది మొత్తం అద్దెకు. డబ్బా బయట గుమ్మం దగ్గర ఉంది, రసీదు పుస్తకాలు కూడా అక్కడే బల్ల మీద పెట్టించా. మీ సంఘం పేరు, మీ అమ్మ పేరో అత్త పేరో దొరికితే చూసుకోండి.

టీ వచ్చినట్టుంది. ముందు పిల్లల తల్లులకు ఇయ్యండి.